దశరథం చేసుకోని పెళ్లి

గద్వాల
విక్రమ సంవత్సరం, ఆషాఢ శుద్ధ తదియ

చిరంజీవి తమ్ముడు దశరథానికి అక్క అలివేలమ్మ దీవెనలు.

నీ రెండో పెళ్లి బాగా జరిగిందని తెలిసి సంతోషించాము. పిలవనందుకు మాకు బాధ లేదు. నీ మొదటి పెళ్లిలో పప్పు మాడిపోయింది కదా, ఆ సిగ్గుతో ఈసారి ఎవరినీ పిలవలేదని మీ బావకు సర్దిచెప్పాను.

మాకెలా తెలిసిందని కంగారుపడకు. అమరచింత నుంచి ఎద్దుల బేరగాడు ఈరన్న సంతకు వచ్చి, మంచినీళ్లకని మన గుమ్మం ముందు ఆగాడు. నన్ను చూసి, “మీ తమ్ముడు నాగర్‌కర్నూల్ల పంతులట గదమ్మా? మా ఊరి ఎంకటన్నకు అల్లుడైండు. వైశాఖంల లగ్గం. నేను సుత పోయి తిన్న” అన్నాడు. ఏ తమ్ముడని అడిగాను. “దశరథం పంతులు. ఇంటిపేరు తిమ్మాజిపేటోళ్లట. తండ్రి పేరు రామన్న. అక్కను గద్వాలల నాగన్నకు ఇచ్చిండ్రట. మొదటి పెండ్లాం సచ్చిపోయిందట పాపం” అన్నాడు. ఇంటిపేరుతో సహా ఒక్కటీ తప్పు లేదు.

జానకమ్మ ఎప్పుడు పోయిందో మాకు కబురైనా చెయ్యలేదు. పోయిన నెలలో ఆమె పంపిన చింతకాయ తొక్కు ఇంకా జాడీలో ఉంది. చనిపోయినవాళ్లు పెట్టిన తొక్కు తినవచ్చునా, కూడదా? బడిపంతులువి, నీకు తెలియనిది ఉండదు.

వెక్కిరింతగా రాస్తున్నానే గాని ఇది నవ్వులాట కాదు. ఈ పని నువ్వు చేసి ఉంటే నాకు తమ్ముడు లేడు. చెయ్యకపోతే నాకు ఇద్దరు తమ్ముళ్లు. ఏది నిజమో వెంటనే రాయి.

అక్క


నాగర్‌కర్నూల్
ఆషాఢ శుద్ధ దశమి

పూజ్యురాలైన అక్కకు దశరథం నమస్కారాలు.

నీ ఉత్తరం రాగానే అలవాటు ప్రకారం జానకికి పైకి చదివి వినిపించాను. మొదటి వాక్యం నోట్లోంచి బయటికి వచ్చాక ఇక వెనక్కి తీసుకోవడానికి వీల్లేకపోయింది. చివరిదాకా నిలబడి విన్నది. “సచ్చినోళ్లు అన్నం వండరు” అని పొయ్యిలో నీళ్లు పోసింది. అప్పటినుంచి అటుకులు తిని బడికి పోతున్నాను.

అక్కా, నాన్న మీద ఒట్టు. నాకు రెండో పెళ్లి చేసుకునే ధైర్యమే ఉంటే మొదటి భార్యతో ఒక్కసారైనా గట్టిగా మాట్లాడి ఉండేవాణ్ని. అమరచింత ఏ దిక్కున ఉందో కూడా నేను చూడలేదు. ఎవడో దుర్మార్గుడు నా పేరు పెట్టుకొని తిరుగుతున్నాడు.

అయితే దీన్ని పెద్దది చెయ్యకుండా ఊరుకోవడమే మేలని నాకు తోస్తున్నది. మనం నోరు తెరిస్తే నలుగురికీ తెలుస్తుంది. నిజం నిలకడ మీద తేలుతుందని పెద్దలన్నారు. కాస్త జానకికి నువ్వు ఒక ఉత్తరం ముక్క రాస్తే నాకు అన్నం దొరుకుతుంది.

దశరథం


గద్వాల
ఆషాఢ పౌర్ణమి

తమ్ముడికి,

నిజం నిలకడ మీద తేలుతుంది, సరే. అప్పటిదాకా అబద్ధం ఏం చేస్తుంది, కాళ్లు కడుక్కొని కూర్చుంటుందా? నీ పేరుతో ఒక పెళ్లి చేసుకున్నవాడు ఇంకొకటి చేసుకోడని ఏమిటి నమ్మకం? నువ్వు నోరు మూసుకుంటే, తప్పు చేసినవాడు కాబట్టే మూసుకున్నాడంటారు.

నేను చెప్పినట్టు చెయ్యి. ఠాణాకు పోయి ఫిర్యాదు రాయించు. మీ హెడ్‌మాస్టరు దగ్గర నువ్వే నువ్వని ఒక కాగితం తీసుకో. సిగ్గుపడకుండా బజార్లో నలుగురికీ నువ్వే ముందు చెప్పు. రేపు ఇంకెవరో చెప్పేకంటే అది నయం. ఆ తర్వాత అమరచింత పోయి నీ ముఖం వాళ్లకు చూపించు. చూడదగ్గ ముఖమని కాదు, వాళ్లు చూసిన ముఖం అది కాదని తెలియడానికి.

ఇంకొక మాట. ఇంటిపేరు, తండ్రి పేరు, నా అత్తగారి ఊరు, మీ బావ పేరు, ఇవన్నీ దొంగకు దారిలో దొరకవు. ఎవరో కూర్చోబెట్టి చెప్పారు. నీ నోటికి తలుపు లేదని అమ్మ నీ చిన్నప్పుడే అన్నది. ఎవరికి చెప్పావో గుర్తు తెచ్చుకో.

జానకమ్మకు విడిగా రాశాను. నీకు అన్నం పెట్టమని కాదు.

అక్క


నాగర్‌కర్నూల్
ఆషాఢ బహుళ పంచమి

అక్కకు నమస్కారాలు.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. చెయ్యకపోయినా ఇంతకంటే పరువు పోయేది కాదు.

ఠాణాలో అమీను నేను చెప్పింది మొత్తం విని, కుర్చీలో వెనక్కి వాలి, “పంతులూ, ఎందుకు పరేషాన్? ఖర్చు మామది, కష్టం ఇంకొకనిది, పెండ్లాం నీది. ఫిర్యాదు ఏమని రాయాలె?” అన్నాడు. నా పేరు దొంగిలించాడని రాయమన్నాను. “పోయిందా పేరు? దశరథం!” అని గట్టిగా పిలిచాడు. అలవాటున “ఆఁ” అన్నాను. “ఉన్నది గదయ్యా! పోయిన వస్తువు పలుకుతదా?” అన్నాడు. జవాన్లు గోడ పట్టుకొని నవ్వారు. మగవాడు ఇద్దరిని చేసుకోవద్దని ఏ కాయిదా కానూనులోనూ లేదట. కాబట్టి నేరమే లేదట.

హెడ్‌మాస్టరు ఇంకా న్యాయం తెలిసినవాడు. “నువ్వు దశరథానివని రాసిస్త. వాడు కాడని ఎట్ల రాస్త? వాన్ని నేను చూడలే గద” అన్నాడు. తోటి పంతుళ్లు మిఠాయి అడుగుతున్నారు. బజార్లో నేనే ముందు చెప్పాను. షావుకారు ఒకడు నా చెయ్యి పట్టుకొని, “ఎవ్వరికి చెప్పను గని, పిల్ల ఎట్లున్నది?” అని అడిగాడు.

వాడెవడో గుర్తుకొచ్చింది. మాఘంలో శ్రీశైలం అని ఒకడు మా అరుగు మీద దిగాడు. బడిలో నౌకరీ కోసం వచ్చానన్నాడు. రెండు నెలలున్నాడు. అక్కా, నేను చెప్పేది అంత శ్రద్ధగా విన్న మనిషిని నేను జన్మలో చూడలేదు. “మీ తాతగారి పేరేమంటిరి సారూ?” అని మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకునేవాడు. పోయేటప్పుడు పాత షేర్వానీ, రూమీ టోపీ నేనే ఇచ్చాను. టోపీ తనకు సరిపోయిందని ఎంతో మురిసిపోయాడు.

అమరచింత ప్రయాణం మాత్రం నా వల్ల కాదు. బడికి సెలవు లేదు. జానకి అన్నం పెడుతున్నది. మాట్లాడదు. పెట్టేటప్పుడు మాత్రం, “దయ్యం వండింది, జర చూస్కొని తిను” అంటుంది.

దశరథం


అమరచింత
ఆషాఢ బహుళ ఏకాదశి

తమ్ముడికి,

నీకు సెలవు లేదు కాబట్టి నేనే వచ్చాను. కృష్ణ ఇంకా నిండలేదు. పుట్టిలో దాటించారు. మీ బావ ఒడ్డున ఉండిపోయాడు; పుట్టి గుండ్రంగా తిరుగుతుంటే ఆయన కడుపులో కూడా తిరుగుతుందట.

వెంకటన్న మంచివాడు, ఎకరాలున్నాయి, తెలివి మాత్రం బిడ్డకు ఇచ్చేశాడు. నేను దశరథం అక్కనని చెప్పగానే నా కాళ్ల మీద పడి, “అల్లుడు యాడున్నడమ్మా?” అన్నాడు. ఆ పెద్దమనిషి పెళ్లయిన నెలకే, బడి సామాను తెచ్చుకుంటానని మామ బండీ ఎద్దులూ కట్టుకొని పోయాడు. అంతే. వాడు నా తమ్ముడు కాడని నచ్చజెప్పేసరికి నాకు గొంతు ఆరిపోయింది.

పిల్లనిచ్చే ముందు విచారించుకోలేదా అని అడిగాను. ఆయన చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను, తీరికగా చదువుకో.

“ఎందుకు ఇచారించలే తల్లీ? చైత్రంల నేనే నాగర్‌కర్నూల్ పోయిన. బడి కాడ ఒక సారు నిలవడ్డడు. దశరథం పంతులు ఎసుంటోడు సారూ అని అడిగిన. ఇగ అందుకున్నడు. అసుంటి మనిషి జిల్లాల లేడు, కోపం తెల్వదు, అబద్ధం తెల్వదు, చదువుల ఆయనను మించినోడు పట్నంల సుత దొరకడు అన్నడు. పెండ్లాం పిల్లల సంగతి అడుగుదామంటే సందియ్యలే. పొద్దుగూకింది. సంబురపడుకుంట వచ్చిన.”

ఆ సారు ఎలా ఉంటాడని అడిగాను. “బక్కగ ఉన్నడు. మాట్లాడుతుంటే కండ్లు మూసుకుంటడు” అన్నాడు. కళ్లు మూసుకొని దశరథాన్ని పొగిడే బక్క పంతుళ్లు మీ బడిలో ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు. నాకు తెలిసినవాడు ఒక్కడే. నాకు రాసిన ఏ ఉత్తరంలోనూ ఈ ముచ్చట రాయలేదేం? దొంగ నీ పేరే తీసుకుపోయాడు. సాక్ష్యం మాత్రం నువ్వే చెప్పావు.

పిల్ల పేరు సరోజ. పద్దెనిమిది ఏళ్లుంటాయి. నేను పోయేసరికి వేరుశనగ కాయలు ఒలుస్తున్నది. అందరం అంతసేపు మాట్లాడినా చేతులు ఆపలేదు. పక్కన కూర్చొని నీ మనసులో ఏముందని అడిగాను. “ఆయన పేరు అబద్ధమని వీళ్లకు రంది అక్కా. నాకు పేరుతోటి ఏం పని? నెల దినాలు నాతోటి మాట్లాడిన మాటలన్నీ అబద్ధమే గద” అన్నది. నేనూ ఆమెతో పాటు కాయలు ఒలిచాను.

ఊరి పెద్దలు కూర్చొని తీర్పు చెప్పారు. విను. “పుస్తె కట్టేటప్పుడు చదివిన పేరు దశరథం. ఆ పేరు మనిషి నాగర్‌కర్నూల్ల ఉన్నడు. పిల్ల ఆడ్నే ఉండాలె. ఊర్లె ఉంటే మిగతా పిల్లలకు సంబంధాలు రావు.” కట్టినవాడు వేరు కదా అంటే, “అది వాళ్లూ వాళ్లూ చూసుకోవాలె” అన్నారు. వాళ్లంటే ఎవరో అడిగాను. ఆడదానివి, నీకెందుకన్నారు.

బండి కడుతున్నారు. ఈ ఉత్తరం ముందు చేరుతుందో, నీ రెండో భార్య ముందు చేరుతుందో తెలియదు.

అక్క


నాగర్‌కర్నూల్
శ్రావణ శుద్ధ పంచమి

అక్కకు నమస్కారాలు.

బండే ముందు చేరింది. చైత్రం సంగతి గురించి నేనేమీ రాయదలచుకోలేదు.

బడి వదిలి ఇంటికి వచ్చేసరికి వాకిట్లో బండి, పరుపుచుట్ట, ఇద్దరు పెద్దమనుషులు, వెంకటన్న. వీధి వీధంతా గోడల మీద ఉంది. సరోజ బండి దిగి నన్ను నిలువెల్లా చూసి, “ఈయన కాడు” అన్నది. అందరికీ వినిపించింది. ఒక పెద్దమనిషి, “కాకుంటే ఏమాయె, పేరు అదే గద” అన్నాడు. వెంకటన్న నన్ను చూసి, “అయ్యో, మీరు ఆనాటి సారు గదా!” అన్నాడు. ఆ మాట జానకి విన్నది.

జానకి గడప దాటి వచ్చింది. “నేను సచ్చిన్నంట గద! నా దినాలు ఎవరు చేసిండ్రు? నా దినాల బువ్వ మీరేనా తిన్నది?” అని పెద్దమనుషులను అడిగింది. వాళ్లు వెనక్కి తగ్గారు. సరోజ అక్కడే నిలబడి ఉంది. జానకి ఆమె చెయ్యి పట్టుకొని, “నువ్వు రా బిడ్డా. ఈ ఇంట్ల నా సుట్టానివి. వేరే లెక్కన ఎవడన్న అంటే నాలుక కోస్త” అని లోపలికి తీసుకుపోయింది. ఆ చివరి మాట అన్నప్పుడు చూసింది మాత్రం నన్నే.

పెద్దమనుషులు పని అయిపోయిందని బండి తిప్పుకొని పోయారు. వెంకటన్న బిడ్డ ముఖం చూడలేక వాళ్లతోనే పోయాడు.

పాపం అక్కా, ఆ పిల్లను చూస్తే జాలేస్తున్నది. తప్పు ఆమెది కాదు పాపం. హెడ్‌మాస్టరు కూడా, “విధి ఇట్ల రాసిపెట్టిందేమో దశరథం, కాదని తోసెయ్యొద్దు” అన్నాడు. లోకం ఎలాగూ అంటున్నప్పుడు, ఒక దిక్కులేని పిల్లకు ఆశ్రయమిచ్చినట్టవుతుందని కూడా ఒకసారి తోచింది. జానకితో ఇంకా అనలేదు. నీ అభిప్రాయం రాయి.

దశరథం


గద్వాల
శ్రావణ శుద్ధ దశమి

ఓరి దశరథం,

నా అభిప్రాయం నీ వీపు మీద రాయవలసింది, దూరంగా ఉన్నాను కాబట్టి కాగితం మీద రాస్తున్నాను. ఇంకొకసారి నా ఉత్తరంలో “పాపం” అనే మాట కనిపిస్తే కృష్ణ ఎంత పొంగినా దాటి వస్తాను. నీ పేరు దొంగిలించినవాడి మీద కోపం ఉన్నట్టు రాశావు. వాడు చేసిన దొంగతనంలో నీకు వాటా దొరికేసరికి ఆ కోపం చల్లారిందా? దిక్కులేని పిల్ల అంటావా? ఆమెకు దిక్కు లేకుండా చేసింది ఎవరు? ఒకడు అబద్ధం చెప్పాడు, ఒకడు కళ్లు మూసుకొని పొగిడాడు, ఒకడు వినీ వినకుండా బండి కట్టాడు. మీ ముగ్గురిలో ఒక్కడైనా నీకేం కావాలని ఆమెను అడిగాడా?

సరే, విను. ఈరన్న మళ్లీ వచ్చాడు. వనపర్తిలో ఒక ఇంటి ముందు వెంకటన్న ఎద్దులను చూశాడట. ఒకదానికి కొమ్ము విరిగింది, మరచిపోయేది కాదు. ఎవరివని అడిగితే, “కాబోయే అల్లునివి. నాగర్‌కర్నూల్ దశరథం పంతులు” అన్నారట. ఇల్లు రాములమ్మ అనే ఆమెది, మగదిక్కు లేదు, ఒక్కతే బిడ్డ. శ్రావణ బహుళ విదియ నాడు లగ్గం.

ఈసారి సెలవు దొరకలేదని రాయకు. వెంకటన్నకు కబురు పంపాను. జానకమ్మను, సరోజకు ఇష్టమైతే సరోజను వెంట తీసుకొని పో. ముందు అడుగు.

అక్క


వనపర్తి
శ్రావణ బహుళ తదియ

అక్కకు నమస్కారాలు.

అడిగాను. “నేను రాకుంటే మీతోటి ఏమైతది?” అన్నది సరోజ. నిన్న జరిగింది చూశాక ఆ మాట నిజమేనని ఒప్పుకుంటున్నాను.

మేము పోయేసరికి పందిట్లో వాడు పీట మీద కూర్చున్నాడు. నా షేర్వానీ, నా టోపీ. నేను ముందుకు పోయి, “ఆపండి! నాగర్‌కర్నూల్ దశరథాన్ని నేను!” అన్నాను. బాగానే అన్నాననుకున్నాను. వాడు ఏమాత్రం తొణకలేదు. లేచి నాకు నమస్కారం పెట్టి, “అమ్మా, నేను చెప్పలేదా? నా పేరు పెట్టుకొని ఒక పిచ్చివాడు తిరుగుతున్నడని. ఈయనే” అన్నాడు. తర్వాత మన ఇంటిపేరు, నాన్న పేరు, తాత పేరు, ముత్తాత పేరు గడగడా చెప్పాడు. నువ్వు చెప్పవయ్యా అని నా మీద పడ్డారు. అక్కా, ఆ జనంలో ముత్తాత పేరు నాకు గుర్తురాలేదు. హెడ్‌మాస్టరు కాగితం తీశాను. వాడు దాన్ని అందుకొని చదివి, “అవును, ఇది నాదే. మాఘంల పోయింది” అని జేబులో పెట్టుకున్నాడు. ఎవరో నా మెడ మీద చెయ్యి వేశారు.

వెంకటన్న, “అల్లుడా!” అని ఏడుపు మొదలుపెట్టాడు. అది మాకు అనుకూలమో, వాడికి అనుకూలమో ఎవరికీ తెలియలేదు.

అప్పుడు సరోజ వచ్చింది. వాణ్ని చూడలేదు, నన్ను చూడలేదు. నేరుగా పెళ్లికూతురి తల్లి రాములమ్మ ముందర నిలబడింది.

“అమ్మా, ఈయన పేరేందో నాకు తెల్వదు. మీరు సుత తెలుసుకోవాల్సిన పని లేదు. వైశాఖంల నా మెడల పుస్తె కట్టింది ఈ మనిషి. నెల దినాలుండి మా నాయిన ఎద్దుల తోలుకొని పోయిండు. ఎద్దులు మీ వాకిట్లనే ఉన్నయి. ఈయన దశరథమే అయితే, దశరథానికి పెండ్లాన్ని నేనున్న. దశరథం కాకుంటే, మీకు అబద్ధం చెప్పిండు. ఎట్లయిన సరే, మీ బిడ్డనిస్తరా?”

వాడు నవ్వుతూ, “ఈమె ఎవరో నేను ఎరగను” అన్నాడు. రాములమ్మ వెంకటన్నను వాకిట్లోకి పంపింది. ఆయన గొంతు వినగానే ఎద్దులు రెండూ లేచి పలుపులు తెంపుకొని ఆయన మీదికి వచ్చాయి. వాటిని ఎవరూ కాగితం అడగలేదు. రాములమ్మ బిడ్డ చెయ్యి పట్టి పీట మీంచి లేపి, “లే బిడ్డా. ఆ రోకలి ఇటు తే” అన్నది. తర్వాతి సంగతి రాయను. ఠాణా వాళ్లు వచ్చేవరకు వాడు బతికి ఉండటమే వింత. నా షేర్వానీ పనికిరాకుండా పోయింది.

ఎద్దుల దొంగతనమని కేసు రాశారు. పిల్లను మోసం చేసినందుకు రాయరా అంటే, ఎద్దులకైతే సాక్ష్యముందన్నారు. ముద్దాయి పేరు “నాగర్‌కర్నూల్ దశరథం” అని రాసుకున్నారు. పట్టుకున్నప్పుడు వాడు చెప్పిన పేరు అదేనట, కొట్టివేతలుంటే పైవాళ్లు ఒప్పుకోరట. వాళ్ల కాగితాల ప్రకారం ఇప్పుడు నేను జైల్లో ఉన్నాను, అక్కా. నా జీతం ఆపమని హెడ్‌మాస్టరుకు కబురు పోయింది.

చివరికి వెంకటన్న, “ఇంటికి పోదాం బిడ్డా. చీకటి పడ్డంక ఊర్లెకు పోతే ఎవ్వరు చూడరు” అన్నాడు. సరోజ కదలలేదు. “చీకట్ల వచ్చేతందుకు నేనేం దొంగిలిచ్చిన నాయినా?” అన్నది. జానకి ఆమెను మళ్లీ మా ఇంటికే తీసుకువస్తున్నది. ఎందుకని నేను అడగలేదు. ఆశ్రయం సంగతి ఇక ఎత్తను. రాసినందుకు సిగ్గుపడుతున్నాను.

దశరథం


అమరచింత
ఆశ్వయుజ శుద్ధ విదియ

చిరంజీవి తమ్ముడికి,

ఠాణా పైవాళ్లు కేసులో పేరు దిద్దారని, బడిలో నీ జీతం మళ్లీ మొదలైందని విన్నాను. వాడి పేరు శ్రీశైలం కూడా కాదట కదా. పోనీ, ఆ పేరుగలవాడు ఎక్కడో ఉంటాడు, ఆయన కూడా అటుకులు తింటున్నాడేమో.

జానకమ్మ ఇక్కడ నా పక్కనే ఉంది. నీకు చెప్పకుండా వచ్చిందని నొచ్చుకోకు, అన్నం వండుకోవడం నేర్చుకో. వెంకటన్న బిడ్డ కోసం రెండుసార్లు నీ ఇంటికి వచ్చిపోయాడు, ఆమె ఏం షరతు పెట్టిందో నీకు తెలుసు. మూడోసారికి ఒప్పుకున్నాడు. ఆ పని నిన్న జరిగింది, కళ్లారా చూడడానికే నేను నది దాటాను.

పొద్దెక్కాక, అందరూ వీధుల్లో ఉన్న వేళ చూసి, డప్పు చాటింపు వేయించాడు. చాటవలసిన మాటలు డప్పువాడికి సరోజే నేర్పింది. వెంకటన్న తలపాగా చేతిలో పట్టుకొని డప్పు వెనకే నడిచాడు. ఆయన వెనక సరోజ, ఆమెకు అటూ ఇటూ నేనూ జానకమ్మా.

“ఇనుండ్రి! ఎంకటన్న బిడ్డ సరోజకు వైశాఖంల అయిన లగ్గం లగ్గం కాదు! పేరు మార్చుకొచ్చిన దొంగను నమ్మింది ఎంకటన్న! పిల్లను ఎరగనోని ఇంటికి పంపింది ఊరి పెద్దలు! పిల్ల తప్పు ఏం లేదు! పుస్తె తీసి కృష్ణల ఏసింది! ఈ మాట మీద ఎవ్వరికన్న అనుమానం ఉంటే ఇప్పుడే అడగుండ్రి! ఎనక గొణగొద్దు!”

ఆడవాళ్లు పనులు వదిలేసి గడపల్లోకి వచ్చారు. నవ్వుదామని వచ్చినవాళ్లు కూడా సరోజ ముఖం చూసి పక్కకు జరిగి దారిచ్చారు. ఒక ముసలామె ఎదురువచ్చి ఆమె చెంపలు నిమిరి పోయింది. వెంకటన్న ఏడుస్తూనే నడిచాడు, కానీ ఆగలేదు. ఆ మనిషి మీద నాకు నిన్ననే గౌరవం కలిగింది.

తీర్పు చెప్పిన పెద్దమనిషి ఇంటి ముందు డప్పు ఆగింది. ఆయన అరుగు మీద కూర్చొని చుట్ట కాలుస్తున్నాడు. ‘ఊరి పెద్దలు’ అన్న మాట దగ్గరికి రాగానే లేచి లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. డప్పువాడు భయపడి ముందుకు కదలబోయాడు.

సరోజ అతన్ని ఆపింది.

“తలుపేసుకున్నరు గద, ఇనవడలేదేమో. ఇంకోపారి చెప్పు. జర గట్టిగ” అన్నది.

అక్క అలివేలమ్మ